పొద్దున లేచి ఏమేం చేశావు?

(ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో బడి సర్వేల మీద అడిగినవి నాలుగు తీసుకున్నాం. జవాబులు రాసినవారు పాలమూరులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి రిటైరైన అధ్యాపకురాలు. సర్వే బృందాలతో ఊళ్లు తిరిగిన అనుభవం ఉన్నవారు.)

ప్రశ్న: మేడం, నేను ఎం.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్నాను. సెల్‌ఫోన్ వాడకం, పిల్లల ప్రవర్తన, చదువు అనే అంశం తీసుకుని రెండు హైస్కూళ్లలో 200 మందికి 60 ప్రశ్నల కాగితం ఇచ్చాను. ఫోన్ "అరుదుగా" చూస్తామని, హోంవర్కు "ఎల్లప్పుడూ" చేస్తామని దాదాపు అందరూ టిక్కులు పెట్టారు. వాళ్ల టీచర్లకు చూపిస్తే నవ్వారు. ఈ డేటాతో థీసిస్ రాయవచ్చా? (ఒక విద్యార్థిని, నంద్యాల)

రాయకమ్మా. రాస్తే మార్కులు వస్తాయేమో గానీ, ఆ పిల్లల గురించి ఒక్క నిజం కూడా అందులో ఉండదు.

ముందు ఒక సంగతి గుర్తు తెచ్చుకో. కాగితాలు పంచింది ఎవరు, తిరిగి తీసుకున్నది ఎవరు? ఆ గదిలో క్లాస్ టీచర్ నిలబడి ఉంటే, పిల్లలు రాసింది నీకు కాదు, ఆయనకు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి సార్‌కు ఏ జవాబు ఇష్టమో వాళ్లకు బాగా తెలిసిపోతుంది.

నాకిది తెలిసొచ్చింది కోస్గి వైపు ఒక బడిలో. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. పిల్లల తిండికీ చదువుకూ సంబంధం చూడాలని ఆరో తరగతికి వెళ్లి, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగాను. ముందు బెంచీలో సర్పంచ్ కొడుకు లేచి "ఇడ్లీ" అన్నాడు. అంతే, వరసగా అందరూ ఇడ్లీయే. ఆ ఊళ్లో ఇడ్లీ హోటలు లేదు. ఇడ్లీ పాత్ర ఉన్న ఇళ్లు రెండో మూడో. నేను మాత్రం శ్రద్ధగా అన్నీ రాసుకున్నాను. పదకొండు గంటలకు వెనక బెంచీ పిల్ల ఒకతి తల డెస్కు మీద వాల్చేసింది. బయటికి తీసుకెళ్లి చెట్టు కింద కూర్చోబెట్టాను. తిండి మాట ఎత్తకుండా, "పొద్దున లేచినప్పటి నుంచి బడికి వచ్చేదాకా ఏమేం చేశావో వరసగా చెప్పు" అన్నాను. "నీళ్లు దెచ్చిన, బర్రెను కట్టేసిన, తమ్మునికి చాయ పోసిన, బడికొచ్చిన." ఆ వరసలో తిన్న మాట లేదు. ఇడ్లీ తిన్నానన్న పిల్లే అది. అబద్ధమాడిందని నేననను. నలుగురిలో తలవంపులు లేని జవాబు చెప్పింది, అంతే. తప్పు నా ప్రశ్నది.

ఆ రోజు నుంచి నేను పిల్లలను "నువ్వు ఎలాంటివాడివి?" అనే రకం ప్రశ్నలు అడగడం మానేశాను. "నిన్న ఏం చేశావు?" అని అడుగుతాను. నువ్వూ అలాగే చెయ్యి. ఫోన్ అరుదుగా చూస్తావా, తరచుగా చూస్తావా అంటే ఏం చెబుతారు? తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా అనే మాటల మధ్య తేడా ఎక్కడుందో ఎం.ఎడ్. చదివిన మనమే కచ్చితంగా చెప్పలేం. "నిన్న రాత్రి అన్నం తిన్నాక నిద్రపోయేదాకా ఏం చేశావు? ఫోన్ ఎవరిది? అప్పుడు అందులో ఏం చూశావు?" అని అడుగు. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో నాన్న పనికి పోతే ఫోనూ పోతుంది. ఇలా అడిగితే అదీ బయటపడుతుంది.

మాటల దగ్గర ఇంకో జాగ్రత్త. ప్రవర్తన మీద ప్రశ్నలు చాలావరకు ఇంగ్లిష్ కాగితాల నుంచి తెలుగులోకి దించినవే. "బుల్లీయింగ్"ను "వేధింపు" అని రాస్తారు. మా పిల్లల చెవిలో వేధింపు అంటే టీవీ వార్తల్లో వచ్చేది, పోలీసు కేసు అయ్యేది. ఒకసారి మా బృందం "బడిలో ఎవరైనా నిన్ను వేధించారా?" అని అడిగితే క్లాసంతటికీ ఇద్దరు అవునన్నారు. అదే క్లాసులో "నిన్ను ఎవరన్నా సతాయిస్తరా? పేరు పెట్టి ఎక్కిరిస్తరా? ఆటలో కలుపుకోకుండా పక్కన పెట్టిండ్రా?" అని అడిగితే లెక్క తారుమారైంది. నంద్యాలలో సతాయించడం అంటారో, ఏడిపించడం అంటారో ఆ పిల్లలనే అడిగి తెలుసుకో. అందుకే కాగితం అచ్చు వేయించకముందు పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న చదివించి "ఇది నిన్ను ఏమడుగుతోంది?" అని వాళ్ల నోటితో చెప్పించాలి. వాళ్లు చెప్పింది నువ్వనుకున్నది కాకపోతే ఆ ప్రశ్న కొట్టేయడమే. 60 ప్రశ్నల్లో 20 మిగిలితే చాలు. ముప్పయ్యో ప్రశ్న దాటాక పిల్లలు చదవరు, ఒకే గడిలో నిలువునా టిక్కులు పెట్టుకుంటూ పోతారు. నీ కాగితాల్లో చివరి రెండు పేజీలు తీసి చూడు.

రెండు బడుల్లో 200 మంది, 20 బడుల్లో 200 మంది ఒకటి కాదు. ఒక బడిలో పిల్లలు ఒకే సార్ల దగ్గర చదువుతారు, ఒకే ఆటలు ఆడతారు, చాలా విషయాల్లో ఒకేలా ఉంటారు. బస్సు ఖర్చు నాకు తెలుసమ్మా. ఒక్కో బడిలో 20 మందిని తీసుకుని పది బడులకు వెళ్లగలిగినా ఇప్పటికంటే చాలా నయం.

ఆఖరుగా, ఫోన్ వల్ల మార్కులు తగ్గాయని తేల్చేయకు. చదువు మీద ఆశ పోయిన పిల్లవాడే ఫోన్ పట్టుకున్నాడేమో. ఏది ముందో ఒక్కరోజు సర్వే చెప్పదు. 2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 3,000 మంది పిల్లలతో మొదలైంది. వాళ్లలో 2,000 మంది ఏడాది వయసు పసివాళ్లు, 1,000 మంది ఎనిమిదేళ్లవాళ్లు. ఏళ్ల తరబడి వెళ్లింది ఆ పిల్లల దగ్గరికే. ముందేం జరిగింది, తర్వాతేం జరిగిందని చెప్పాలంటే అంత ఓపిక కావాలి. నీకు అంత గడువు లేదు. కాబట్టి "ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయి" అన్నంతవరకే రాసి ఆపు.

నీ 200 కాగితాలు పారేయకు. వాటిని ముందస్తు పరీక్ష కింద చూపించి, ఏ ప్రశ్న ఎందుకు చెడిందో ఒక అధ్యాయం రాయి. గైడ్ గారిని రెండు నెలలు గడువు అడుగు.

ప్రశ్న: నేను గద్వాల వైపు నడిగడ్డలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ని. కాలేజీ పిల్లలు ఊళ్లోకి వచ్చి, ఇంటి అరుగు మీద మా పిల్లలతో ఒక కాగితం చదివిస్తారు. తర్వాత పేపర్లో "ఐదో తరగతి వారికి రెండో తరగతి పాఠం రాదు" అని వస్తుంది. బడికి రాకుండా ఇళ్ల దగ్గర పరీక్ష ఏమిటి? ఇది మమ్మల్ని బద్నాం చేయడం కాదా?

మీ బాధ నాకు అర్థమవుతుంది సార్. 40 మందిని, రెండు మూడు తరగతులను ఒకే గదిలో పెట్టుకుని చెప్పే మనిషికి ఆ హెడ్డింగు చెంపదెబ్బే. కానీ ఇంటికి వెళ్లడంలో న్యాయముంది.

మీరు చెబుతున్నది అసర్ సర్వే. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టింది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. ఊరిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఐదో ఇల్లు, ఐదో ఇల్లు చొప్పున ఎంచుతారు. కాగితం మీద అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చేయిస్తారు.

ఇంటికే ఎందుకంటే, మీ నడిగడ్డ సంగతే చూడండి. ఆగస్టు వచ్చిందంటే సీడ్ పత్తి (విత్తనాల కోసం వేసే పత్తి) చేలల్లో క్రాసింగు పని, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అంటించడం. పొద్దున్నే పిల్లలు ఆ చేలల్లో ఉంటారు. హాజరు పట్టీలో పేరు ఉంటుంది, బెంచీ మీద పిల్ల ఉండదు. బడిలో పరీక్ష పెడితే ఆ రోజు వచ్చినవాళ్లే లెక్కలోకి వస్తారు. ఇంటికి వెళ్తే సర్కారు బడి పిల్లలు, ప్రైవేటు బస్సెక్కేవాళ్లు, బడి మానేసినవాళ్లు అందరూ దొరుకుతారు.

కేంద్రం చేసేది ఇందుకు భిన్నం. 2017, 2021లో జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబర్ 4న పరఖ్ పేరుతో జరిగినది, అన్నీ బడిలోనే, తరగతి గదిలో పెట్టినవి. 2024లో 3, 6, 9 తరగతులు తీసుకున్నారు. 74 వేలకు పైగా బడులు, 21 లక్షలకు పైగా పిల్లలు. అసర్ అంకెలూ, కేంద్రం అంకెలూ కలవవు. కలవకపోతే ఒకటి దొంగలెక్క అని కాదు. ఒకటి ఊళ్లో పిల్లలను చూసింది, ఇంకొకటి బడికి వచ్చిన పిల్లలను చూసింది.

మీ కోపంలో సబబు ఒకచోట ఉంది. 20 ఇళ్లతో మీ ఊరి గురించి గానీ, మీ బడి గురించి గానీ ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఆ సర్వే మాట్లాడేది జిల్లా, రాష్ట్రం గురించి. మీ ఊరి పేరెత్తి ఎవరైనా అధికారి మిమ్మల్ని నిలదీస్తే, ఈ లెక్క దానికి పనికిరాదని ధైర్యంగా చెప్పండి. ఆ తర్వాత ఆ కాగితం మీరే తెప్పించుకుని, సాయంత్రం పూట ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. తెలంగాణలో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమంలో మనం చేసిందీ దాదాపు ఇదే. నలభై మందిలో ఎవరు మాట దగ్గర ఆగారో, ఎవరు కథ దాటారో మీకు పేర్లతో సహా తెలుస్తుంది. సర్వేవాళ్లకు ఆ పేర్లు ఎన్నటికీ తెలియవు.

ప్రశ్న: మా పాప ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. "మీ నాన్న తాగుతారా? అమ్మను కొడతారా?" అన్న ప్రశ్నలకు పేరు, రోల్ నంబరు వేసి మరీ జవాబులు రాయించారట. రాత్రంతా ఏడ్చింది. స్కూల్లో అడిగితే "రీసెర్చ్ కోసం" అన్నారు. (ఒక తల్లి, వరంగల్)

ఇది రీసెర్చ్ కాదు తల్లీ, పాప మీద చేసిన తప్పు. రేపే వెళ్లి ఆ కాగితం వెనక్కి అడగండి, నోటితో కాదు, రాసిచ్చి. నకళ్లు ఉన్నాయా, ఎవరి దగ్గర ఉన్నాయి, ఎవరు చదివారు అని అందులోనే అడగండి.

ఇలాంటి ప్రశ్నలు అసలు అడగనే కూడదని నేననను. అడగకపోతే కొన్ని ఇళ్లల్లో జరిగేది ఎప్పటికీ తెలియదు. కానీ ముందు తల్లిదండ్రులకు చెప్పాలి, పాపను అడగాలి, వద్దంటే వదిలేయాలి. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 6 నుంచి 12 తరగతుల పిల్లల మనసు గురించి 3.79 లక్షల మందిని అడిగింది. అందులో పేరు రాయడం పిల్లల ఇష్టానికే వదిలేశారు. అంత పెద్ద సర్వే పేరు తప్పనిసరి చేయకుండా నడిచినప్పుడు మీ స్కూల్‌కు రోల్ నంబరు ఎందుకు కావాల్సి వచ్చింది? పైగా, కొడుతున్నారని ఒక పిల్ల రాస్తే ఆ సాయంత్రం ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకోనివాళ్లు ఆ ప్రశ్న వేయకూడదు.

ఒక మాట, పెద్దదాన్నిగా చెబుతున్నాను. పాప ఏడ్చింది ఆ ప్రశ్నకా, తాను రాసిన జవాబుకా? పక్కన పడుకోబెట్టుకుని మెల్లగా అడగండి. ఇంట్లో సాయం కావలసిన పరిస్థితి ఉంటే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మాకు సర్వే పెట్టినప్పుడు పేరు రాయొద్దన్నారు. కానీ నా చేతిరాత మా సార్‌కు తెలుసు. నిజం రాయాలా? మా దోస్తులం కలిసి తమాషాకు "గంజాయి తాగుతాం" అని టిక్ పెట్టాం. తప్పా? (పేరు రాయలేదు)

నీ అనుమానం సరైనదే నాన్నా. పేరు లేకపోతే సరిపోదు. చేతిరాత కనపడకుండా అన్నీ టిక్కులే ఉండాలి, మడిచి డబ్బాలో నీ చేత్తోనే వేయాలి, ఆ డబ్బా మీ సార్ బీరువాలోకి పోకూడదు. నా సర్వేల్లో సార్లను వరండాలోకి పంపించేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. అయినా పంపించేదాన్ని.

తమాషా టిక్కులు మీరొక్కరే పెట్టలేదు. అమెరికాలో 1994లో మొదలైన ఒక పెద్ద సర్వేలో కొందరు పిల్లలు తమకు కృత్రిమ చేయో కాలో ఉందని బడిలో రాశారు. తర్వాత ఇళ్లకు వెళ్లి చూస్తే వాళ్లలో దాదాపు అందరికీ సొంత కాళ్లూ చేతులే. ఐరోపా బడుల్లో మత్తుమందుల మీద చేసే సర్వేలో "రెలెవిన్" అని లోకంలో లేని మందు పేరు ఒకటి చేర్చారు. అది వాడామని టిక్ పెట్టినవాళ్ల మిగతా జవాబులను నమ్మాలా వద్దా అని ఆలోచించుకోవచ్చు. మీ కాగితంలో అలాంటి ప్రశ్న లేకపోతే మీ టిక్కులన్నీ నిజం కింద జమవుతాయి. రేపు మీ బడి గేటు దగ్గర పోలీసులు నిలబడితే, సంచులు వెతికేది మీ తర్వాత వచ్చే ఎనిమిదో తరగతి పిల్లలవి. దోస్తులందరూ కలిసి సర్వే చేసినవాళ్లకు చెప్పండి. పేర్లు అక్కర్లేదు, "మా క్లాసులో ఇంతమందిమి ఆ ప్రశ్నకు తమాషాకు పెట్టాం" అని ఒక చీటీ చాలు. నా దగ్గరికి అలాంటి చీటీ ఒకసారి వచ్చింది. ఆ క్లాసు కాగితాల్లో ఆ ఒక్క ప్రశ్న పక్కన పెట్టి, మిగతావి ఉంచుకున్నాను.

నిజం రాయాలని లేకపోతే ఖాళీగా వదిలెయ్యి, అబద్ధం మాత్రం రాయకు. ఎంతమంది వదిలేశారో కూడా మేం లెక్కపెడతాం. చేతిరాత గురించి నువ్వు భయపడింది ఏ ప్రశ్న దగ్గరో ఉత్తరంలో రాయలేదు. చెప్పాలనిపిస్తే ఈసారీ పేరు లేకుండానే రాయి. పత్రికలో వేయొద్దంటే వేయను.