మేత మార్చే ముందు కనురెప్ప చూడు

అల్లుడూ,

గొర్రెపిల్లలు రోజంతా మేస్తున్నా ఒళ్లు చేయడం లేదు, మేత మార్చాలా అని అడిగావు. మేత సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక పిల్లని మోకాళ్ల మధ్య పట్టుకుని కింది కనురెప్పని కిందికి లాగి చూడు. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే భయం లేదు. పాలిపోయి ఉంటే నట్టలు, అంటే పొట్టలో పురుగులు, నెత్తురు తాగేస్తున్నాయి. సాయంత్రం మేసొచ్చాక దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే ఆ రాత్రి కూడా ఆగొద్దు.

ఒకసారి చచ్చిన పిల్లని కోయించి చూశాను. పొట్టలోని నాలుగు గదుల్లో చివరిదాని నిండా అంగుళం లోపు పురుగులు, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు. ఒక్కోటి రోజుకి తాగేది చుక్క నెత్తురే. కానీ వెయ్యి ఉంటే రోజుకి 50 మిల్లీలీటర్లు! పది కిలోల పిల్లకి ఒంట్లో ఉండే నెత్తురే ముప్పావు లీటరు ఉండదు.

పేగుల్లో ఉండేవి వేరు, వెంట్రుకంత సన్నం. అవి ఆకలి చంపుతాయి, పేగు పొరని చెడగొడతాయి. తిన్న బలం కండకి పట్టకుండా ఆ పొర బాగుచేసుకోడానికే పోతుంది. ఎముకకి సున్నం కూడా సరిగా అందదు. అందుకే పిల్ల చిక్కడమే కాదు, పొట్టిగానే ఉండిపోతుంది.

నాకు బాధ కలిగేది ఆడపిల్లల గురించి. అవి ఎదకి రావడానికి వయసొక్కటే చాలదు, బరువూ రావాలి. ఒక ఏడు నేను తూకం వేయకుండా కంటి అంచనాతో నట్టల మందు పోశాను, తక్కువైంది. తోటివాళ్ల మందల్లో పిల్లలు ఈనే వేళకి నా వాటిలో సగం ఎదకే రాలేదు. పాలు మరిచిన తర్వాతి ఆ నాలుగైదు నెలల పెరుగుదల పోతే మళ్లీ పూర్తిగా రాదు.

కాబట్టి కాటా కొను. ఆల్బెండజోల్ 2.5 శాతం మందైతే పది కిలోలకి 3 మిల్లీలీటర్లు. తక్కువ పోస్తే బలమైన నట్టలు బతికి, రాను రాను ఆ మందే పనిచేయదు. తల మరీ పైకెత్తి పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్టేలు దాటి చూలు కట్టిన గొర్రెకి మొదటి నెలలో ఆల్బెండజోల్ అసలు వద్దు, వేరే మందు డాక్టర్నే అడుగు. పుష్టిగా, కనురెప్ప లోపల ఎర్రగా ఉన్న పెద్ద గొర్రెలకి ప్రతిసారీ పోయక్కర్లేదు. ఈనిన తల్లుల్ని మాత్రం వదలకు. ఈనే రోజుల్లో వాటి పెంటికల్లో నట్టల గుడ్లు బాగా పెరుగుతాయి, పిల్లలకి అంటేది అక్కణ్ణుంచే.

వానాకాలంలో మంచు ఆరకముందు మంద తోలకు. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు తడి గడ్డి మీదికే పాకుతాయి. అవి నేలకి దగ్గరగానే ఉంటాయి కాబట్టి రేగు, తుమ్మ రెమ్మలు మేపడం మేలు. వేరుశనగ చెక్క గుప్పెడు పెట్టు, నట్టల్ని తట్టుకునే సత్తువ వస్తుంది.

రేపు పొద్దున్నే నాలుగైదు పిల్లల తాజా పెంటికలు విడివిడిగా పొట్లాలు కట్టి పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లు. మందు పోశాక రెండు వారాలకి మళ్లీ పరీక్ష చేయించు. గుడ్లు తగ్గకపోతే మందు మార్చమని అడుగు, నాకూ ఫోన్ చెయ్యి.

మీ మామ