క్వారీలోనే కోత యంత్రం పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి, హనుమకొండ నుండి మేనమామ ఆశీస్సులు.

కరీంనగర్ దగ్గరి మీ గ్రానైటు క్వారీలోనే గ్యాంగ్‌సా (పెద్ద దిమ్మను ఒకేసారి చాలా బ్లేడ్లతో పలకలుగా కోసే యంత్రం), పాలిషింగ్ లైను పెడితే దిమ్మ ధరకూ పలక ధరకూ మధ్య ఉన్న తేడా అంతా కంపెనీకే మిగులుతుందని నీవు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. తేడా ఉన్న మాట నిజమే. అందులో ఎంత నీ చేతికి వస్తుందో తెలియాలంటే ముందు రాయి లెక్క వేయాలి.

ఒక ఘనమీటరు గ్రానైటు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. 20 మిల్లీమీటర్ల పలకలు కోసేటప్పుడు ఒక్కో కోతకు 7 మిల్లీమీటర్ల రాయి బురదగా పోతుందనుకుంటే, మీటరు మందంలో 37 పలకలకు మించి రావు; అంటే నాలుగో వంతు రాయి పొడైపోతుంది. దిమ్మను దూరపు ఫ్యాక్టరీకి పంపినప్పుడు ఆ పొడికీ, అంచుల్లో తీసేసే వంకర చెక్కలకూ కూడా మనం లారీ కిరాయి కడుతున్నాము. క్వారీలోనే కోస్తే మిగిలే మొదటి డబ్బు ఇదే.

అంతకంటే పెద్ద లాభం మీ డంపులో పడి ఉంది. తవ్వడానికి డీజిలు, కూలీ, డ్రిల్లింగు ఖర్చు పెట్టేసిన తర్వాత పరిమాణం చాలక అమ్ముడుపోని రాయి అది. అయితే గ్యాంగ్‌సాకు పెద్ద, చదరమైన దిమ్మలు కావాలి; చిన్న దిమ్మలు దాని మీద గిట్టుబాటు కావు. వాటిని టైళ్లుగా కోసే కట్టరు ధర తక్కువ, అప్పూ తక్కువ. అందుకే మొదట వైర్‌సాతో, అంటే వజ్రపు పూసల తీగతో కోసే యంత్రంతో, దిమ్మలు చదరం చేయడం, తర్వాత ఒక కట్టరు, అవి నిలదొక్కుకున్నాకే గ్యాంగ్‌సా అని నా గట్టి అభిప్రాయం.

యంత్రం వచ్చాక ఖర్చు స్వభావమే మారిపోతుంది. దిమ్మలు అమ్మే క్వారీ గిరాకీ లేనప్పుడు తవ్వకం తగ్గించి ఊపిరి పీల్చుకోగలదు. కోత యూనిట్ ఆగి ఉన్నా బ్యాంకు వాయిదా, కరెంటు కనీస చార్జీలు, ఆపరేటర్ల జీతాలు ఆగవు. ఈ స్థిర ఖర్చు నెలకు 10 లక్షలనుకో: 10,000 చదరపు మీటర్ల పలక కోస్తే చదరపు మీటరుకు 100 రూపాయలు, 5,000 కోస్తే 200. బ్లేడ్లు, పాలిషింగ్ రాళ్లు, ఎపాక్సీ జిగురు ఖర్చు దీని మీద అదనం.

నేను పనిచేసిన ఒక క్వారీలో యజమాని నీటి సంగతి చూసుకోకుండా గ్యాంగ్‌సా దించాడు. వేసవి రాగానే బోరు ఎండింది. బురద నీటిని నిలవబెట్టి తిరిగి వాడే ట్యాంకులు కట్టించలేదు. నెలల తరబడి యంత్రం ఆగింది, వడ్డీ ఆగలేదు. కోసిన పలకలకు డబ్బు ఆలస్యంగా వచ్చేసరికి కూలీల బట్వాడాకే చేబదులు తేవలసి వచ్చింది. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, స్లరీ (బురద నీటి) ట్యాంకులు, కనీసం మూడు నెలల నిర్వహణ సొమ్ము, ఇవన్నీ యంత్రం ధరలోనే కలిపి లెక్క వేయి.

ఇక కంపెనీ విలువ పెరుగుతుందన్నావు. కొనడానికి వచ్చినవాడు యంత్రాన్ని చూసే ముందు లీజు ఎన్నేళ్లు మిగిలిందో, మంచి రంగు రాయి ఇంకెంత లోతు ఉందో, అప్పు ఎంతో అడుగుతాడు. లీజు ఏడేళ్లే ఉండి, యంత్రం సొమ్ము తిరిగి రావడానికి ఆరేళ్లు పడితే పెరిగే విలువ నామమాత్రమే.

ఆరు నెలలపాటు రోజూ తవ్విన రాయి, అమ్మిన దిమ్మలు, డంపుకు పోయినవి వేరువేరుగా రాయించు. డంపుకు ఎందుకు పోయిందో, అంటే పగులా, రంగు మచ్చా, పరిమాణం చాలకా, దిమ్మ దిమ్మకూ రాయాలి. పగులును ఏ యంత్రమూ బాగుచేయదు. పరిమాణం చాలనివే కట్టరుకు మేత. ఆ రిజిస్టరు తీసుకొని దసరాకు ఇంటికి రా; కొటేషన్ల మీద సంతకం పెట్టే ముందు ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మీ మేనమామ