చెట్టుకు ప్రాణం ఉంది, మరి 'ని' ఏదీ?

సందేహం: చెన్నైలో ఉంటున్నాం. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి సైన్సు పాఠంలో చెట్టుకీ ప్రాణం ఉంటుందని విని వచ్చి, "కుక్కని కొట్టారు అంటావు, చెట్టు మాత్రం చెట్టు కొట్టేశారు అంటావు, దానికి 'ని' పెట్టవేం?" అని పట్టుకున్నాడు. ఏం చెప్పాలి? రాళ్లూ రప్పల్ని 'నిర్జీవులు' అనొచ్చా?

సమాధానం: మీవాడు గట్టివాడేనండీ, అసలు చోటే పట్టుకున్నాడు. "అమ్మ కుక్క కొట్టింది" అంటే ఎవరు ఎవర్ని కొట్టారో తెలీదు కాబట్టి అక్కడ 'ని' తప్పదు. చెట్టు, రాయి లాంటివి వాటంతటవి ఎవర్నీ కొట్టవు, ఆ అనుమానమే రాదు, అందుకే వదిలేస్తాం. ఫలానా చెట్టు అని వేలు పెట్టి చూపిస్తే మళ్లీ 'ని' వస్తుంది: "ఆ వేపచెట్టుని ఎందుకు కొట్టేశారు?" అంటే మనం చూసేది ప్రాణం ఉందా లేదా అని కాదు, కదిలి ఏదైనా చేస్తుందా అని.

క్రియల దగ్గరికొస్తే లెక్క ఇంకోటి. ఇదే ఊళ్లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, తిర్యక్కులు (అంటే పశుపక్ష్యాదులు), జడాలు తప్ప మిగతావి మహత్తులన్నాడు, అంటే 'వచ్చాడు' అనిపించుకునేవి. చెట్టుకి వేరే గది ఇవ్వలేదు. అందుకే అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. తమిళంలో అమ్మకి 'వందాళ్', ఆవుకి 'వందదు'. మా పక్కింటి తమిళావిడ "మీరు అమ్మనీ ఆవునీ ఒకే గాటన కట్టేస్తారే!" అని ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. బహువచనంలో పరువు దక్కుతుందనుకోండి: అమ్మలు వచ్చారు, ఆవులు వచ్చాయి, ముగ్గురు పిల్లలు, మూడు పిల్లులు.

తమాషా ఏంటంటే, ప్రాణం జాడే లేని చంద్రుడు "ఉదయించాడు", నూరేళ్లు బతికిన మర్రి "పడిపోయింది". రైతు తన ఎద్దుకి రాముడని పేరు పెట్టుకుంటే "మా రాముడు మేత మానేశాడు" అని మనిషిని చేసేస్తాడు.

అలాగని మన భాషకి చెట్టు ప్రాణం పట్టదని కాదు, అది మాటల్లో ఉంది. 2016 డిసెంబరులో వర్దా తుఫానుకి మా వీధిలో ఒరిగిపోయిన వేపచెట్టుకి తాళ్లు కట్టి నిలబెట్టాం, కొమ్మలన్నీ ఎండి చేతిలో పుటుక్కుమనేవి, కొన్నాళ్లకి మొదట్లో రెండు ఎర్రటి చిగుళ్లు కనపడగానే అందరి నోటా ఒకటే మాట, "బతికింది". రాయిని ఎవరూ అలా అనరు కదా.

ఇక 'నిర్జీవులు'. పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపిస్తుంది, నాకైతే మింగుడుపడదు. నిర్జీవం, నిర్జీవాలు అంటే సరిపోయేదానికి ధనికులు, సేవకులు అన్నట్టు 'నిర్జీవులు' అంటే, రాళ్లన్నీ వరసగా కుర్చీల్లో కూర్చున్నారేమో అనిపిస్తుంది.