థాంక్స్‌గివింగ్ విందు బల్లపై ఇత్తడి, రాగి, వెండి

ప్రశ్న: మేము టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఉంటాము. ఈ ఏడాది థాంక్స్‌గివింగ్ విందు మొదటిసారిగా మా ఇంట్లో జరుగుతోంది. మాతో కలిపి పదిమంది కూర్చుంటాము. వారిలో సగం మంది మావారి ఆఫీసులోని అమెరికన్ మిత్రులు. భోజనాల బల్లను శరదృతువు రంగులతో, కాస్త లోహపు మెరుపుతో అలంకరించాలని ఉంది. మా అత్తగారు ఇచ్చిన ఇత్తడి, రాగి చెంబులు, వెండి గిన్నెలు రెండు, బంగారు అంచు పింగాణీ ప్లేట్లు ఉన్నాయి. అన్నీ కలిపి పెట్టవచ్చా? బల్ల పూజగదిలా కనిపిస్తుందేమోనని సందేహంగా ఉంది.
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: నిస్సందేహంగా కలపవచ్చు, కానీ మూడు లోహాలకూ సమానమైన చోటు ఇవ్వకండి. ఒకటి పెద్దరికం వహించాలి, మిగిలినవి దానికి తోడుగా ఉండాలి. మీ దగ్గరున్న వాటిలో ఆ స్థానం ఇత్తడిదే. గుమ్మడికాయల నారింజ రంగు, ఎండిన మొక్కజొన్న కంకుల ముదురు ఎరుపు, నవంబరులో అక్కడి దుకాణాల్లో దొరికే చామంతుల పసుపు, ఇవన్నీ ఇత్తడి పక్కన చక్కగా ఒదిగిపోతాయి. ప్లేట్ల బంగారు అంచు కూడా ఆ రంగుకు దగ్గరే. రాగిని ఒకటి రెండు చోట్లకే పరిమితం చేయండి. వెండి చల్లని రంగు కనుక గాజు గ్లాసుల దగ్గర, స్పూన్లు, ఫోర్కుల వరుసలో ఉంటే చాలు.

ఇత్తడిని అద్దంలా తోమవద్దని నా సలహా. శరదృతువు పండుగకు కాస్త మందగించిన కాంతే అందం. మెరుపు మరీ ఎక్కువైతే నెల ముందే క్రిస్మస్ వచ్చినట్లుంటుంది. పూర్వం అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ ఇళ్ల బల్లలపై ఉండిన ప్యూటర్ పాత్రలు, అంటే తగరం ప్రధానంగా ఉండే మిశ్రమలోహపు పాత్రలు, ఇలాంటి మసక మెరుపుతోనే ఉండేవి. పండుగకు వారం ముందు చింతపండుతో ఒకసారి తోమి, బాగా కడిగి, తడి లేకుండా తుడిచి ఉంచండి. ఆ రోజుకు రంగు కొద్దిగా నెమ్మదిస్తుంది. అయితే పైన పారదర్శకమైన పూత ఉన్న అలంకరణ వస్తువులను, ఇత్తడి రంగు పూత మాత్రమే ఉన్న వాటిని చింతపండుతో తోమితే పూత చెడిపోతుంది. వాటిని తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఇక స్థలం సంగతి, ఇక్కడే చాలామంది తడబడతారు. మనిషికి కనీసం 24 అంగుళాల చోటు కావాలి కనుక, 8 అడుగుల పొడవైన బల్లకు ఇరువైపులా నలుగురేసి, రెండు చివరలా ఒక్కొక్కరు కూర్చుంటే పదిమందికి సరిపోతుంది. బల్ల వెడల్పు 40 అంగుళాలనుకుంటే, రెండు వైపులా ప్లేట్లు పరచిన తర్వాత మధ్యలో మిగిలేది పది, పన్నెండు అంగుళాల పట్టీ మాత్రమే. మీ అలంకరణ అంతా ఆ పట్టీలోనే ఇమడాలి. అందువల్ల టర్కీ కోడి, మాష్డ్ పొటాటో, గ్రేవీ, ‘పై’ అనే తీపి వంటకాలను పక్కనున్న మరో బల్లపై పెట్టి వడ్డించుకోవడం మేలు. పట్టీ మీద ముతక నేత రన్నర్ (బల్ల పొడవునా వేసే సన్నని గుడ్డ) పరచి, మూడు ఇత్తడి చెంబులను ఎడం ఎడంగా ఉంచి, వాటిలో చామంతులు, గోధుమ వెన్నులు అమర్చండి. చెంబులో నేరుగా నీళ్లు పోయకుండా లోపల చిన్న గాజు గ్లాసు పెట్టి అందులో పూలుంచితే లోహంపై మచ్చలు పడవు. పాత్ర అడుగున గుండ్రంగా కత్తిరించిన మందపాటి గుడ్డ ఉంచితే రన్నర్‌కు చిలుము అంటదు. పూలతో కలిపి పాత్రల ఎత్తు కూర్చున్నవారి కళ్ల కంటే దిగువనే ఉండాలి; ఎదుటి మనిషి ముఖం కనిపించని బల్ల దగ్గర సంభాషణ సాగదు.

నవంబరు చివరి వారంలో డల్లాస్‌లో సాయంత్రం ఐదున్నర లోపే సూర్యాస్తమయం అవుతుంది కనుక, మూడు గంటలకు మొదలైన విందు చీకట్లో ముగుస్తుంది. పైకప్పు దీపాల తెల్లని వెలుగులో ఇత్తడి వెలవెలబోతుంది. ఆ వెలుగును తగ్గించి, పొట్టి కొవ్వొత్తులను చెంబుల పక్కనే పెడితే లోహం ఆ వెలుగును బల్లంతా పరుస్తుంది. సువాసన కొవ్వొత్తులు మాత్రం వద్దు, అవి వంటల వాసనను మింగేస్తాయి. ఎండుటాకులు, గోధుమ వెన్నులు మంటకు దూరంగా ఉండాలి. చిన్నపిల్లలు ఉంటే బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులే క్షేమం.

పూజగది సందేహానికి సమాధానం వస్తువుల ఎంపికలోనే ఉంది. చెంబు, మరచెంబు, పళ్లెం వంటివి నిత్యం వాడుకునే సామాను. ఏ బల్ల మీదైనా ఇముడుతాయి. కుందులు, హారతి పళ్లెం, గంట, కుంకుమ భరిణెలను పూజగదిలోనే ఉండనివ్వండి. అందులోనూ మాంసం వడ్డించే బల్ల కనుక, ఏ పాత్రలు ఇంతకు ముందు పూజకు వాడారో అత్తగారిని ఒక మాట అడిగి తెలుసుకోండి. ఆమె మనసు నొచ్చుకుంటే ఎంత అందమైన అలంకరణ అయినా మీకు ఆనందమివ్వదు. ఇంట్లో నల్లని లోహంపై వెండి పొదిగిన బిద్రీ పాత్ర ఏదైనా ఉంటే దాన్ని తప్పక బయటికి తీయండి. నారింజ, ఎరుపు రంగుల మధ్య ఆ నలుపు అద్భుతంగా ఉంటుంది. అది అలంకారానికే, ఆహారానికి కాదు.

ఇదే జాగ్రత్త మిగిలిన వాటికీ వర్తిస్తుంది. క్రాన్‌బెర్రీ సాస్ పుల్లగా ఉంటుంది కనుక కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో వేయకూడదు, నిమ్మరసం కలిపిన నీళ్లు కూడా పోయకూడదు. సాస్‌ను గాజు గిన్నెలో వేసి, ఆ గిన్నెను ఇత్తడి పళ్లెంలో ఉంచండి. వెండి గిన్నెల్లో ఉప్పు, గుడ్డు పదార్థాలు వద్దు, గిన్నెలు నల్లబడతాయి. బంగారు అంచు ప్లేట్లను మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు వస్తాయి. ఈ సంగతి వంటగదిలో సాయం చేసే అతిథులకు ముందే చెప్పండి.

ప్రశ్న: చిన్న గుమ్మడికాయలకు, ఓక్ కాయలకు రాగి రంగు స్ప్రే వేయాలనుకుంటున్నాము. తర్వాత ఆ గుమ్మడికాయలను వండుకోవచ్చా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: రంగు వేసిన కాయను వండకూడదు, జింకలకూ ఉడుతలకూ పెట్టకూడదు, ఎరువుల కుప్పలోనూ వేయకూడదు. కాయంతా ముంచెత్తకుండా తొడిమకు మాత్రమే రాగి రంగు వేయండి. చూడటానికి అదే బాగుంటుంది, పైగా కాయ సహజమైన రంగు నిలుస్తుంది. తొడిమకు రంగు వేసిన కాయనూ అలంకరణకే ఉంచి, వంటకు వేరే కాయ తెచ్చుకోండి. రంగు వేసే పని ఆరుబయట చేసి, రాత్రంతా ఆరనివ్వండి. ఏరుకొచ్చిన ఓక్ కాయల్లో పురుగులు ఉంటాయి కనుక, ముందుగా కడిగి, ట్రేలో పరచి, 200 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద సుమారు గంటసేపు ఓవెన్‌లో ఉంచి, పూర్తిగా చల్లారాక రంగు వేయండి. పళ్లపై అతికించే చేతిపనుల బంగారు రేకు సాధారణంగా రాగి, జింకుల మిశ్రమం. ఆ పళ్లను ఎవరూ తినకుండా బల్ల మధ్యలో కాక గుమ్మం దగ్గరి అలంకరణలో ఉంచండి.