బోర్డుకి తెచ్చేటప్పుడు మా తమ్ముడికి బేడీలు వేశారు

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 16 ఏళ్లు. బైక్ దొంగతనం కేసులో అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు. మొన్న జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల మీది కేసులు విచారించే బోర్డు) వాయిదాకి చేతికి బేడీ వేసి తీసుకొచ్చారు. అదేమని అడిగితే, ‘పారిపోతే మా ఉద్యోగాలు పోతాయి, కొత్త చట్టంలో వేయొచ్చని ఉంది’ అన్నారు. హోమ్‌లో గొడవపడ్డాడని ఒక రాత్రంతా కిటికీ ఊచకి కట్టేశారట. ఫిర్యాదు చేస్తే వాడిమీద కక్ష కడతారని అమ్మ భయం.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: వేయకూడదు తల్లీ. వాళ్లు చెప్పిన కొత్త చట్టం 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. మళ్లీ మళ్లీ నేరాలు చేసేవాళ్లు, కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్లు లాంటి కొందరికి బేడీలు వేయొచ్చని దాని 43వ సెక్షన్‌లో ఉన్న మాట నిజమే. అది పెద్దవాళ్ల సంగతి. వేరే చట్టాల్లో ఏమున్నా పిల్లల నిర్బంధం విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టమే వర్తిస్తుందని అందులో మొదటి సెక్షనే చెబుతోంది. ఆ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో 8వది చూడమనండి. పిల్లల్ని పట్టుకునేటప్పుడు బేడీలు, గొలుసులు వేయకూడదు, బలప్రయోగం చేయకూడదు. పట్టుకునేటప్పుడే వద్దన్నది వాయిదాకి తెచ్చేటప్పుడు ఎలా కుదురుతుంది? జైలు నుంచి కోర్టుకి తెచ్చే పెద్ద ఖైదీలకే మెజిస్ట్రేట్ అనుమతి లేనిదే వేయొద్దని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది.

నేను బోర్డు సభ్యురాలిగా ఉన్నప్పుడు ఎస్కార్టువాళ్ల నోట ఈ ‘పారిపోతాడు’ మాట విని విని విసుగొచ్చేది. ఒకవేళ పారిపోయినా, దొరికాక 24 గంటల్లో బోర్డు ముందుంచాలి. పారిపోయినందుకు పిల్లాడిమీద ఇంకో కేసు పెట్టడానికి లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 26వ సెక్షన్ అది. ఎస్కార్టుకి మనుషులు చాలకపోతే ఇంకొకరిని అడగాలి గానీ బేడీలు వేయడమేమిటి?

కిటికీకి కట్టేయడం ఇంకా ఘోరం. పిల్లలు కొట్టుకుంటుంటే చేతులు పట్టి విడదీయడం వేరు. తప్పనిసరైతే తనకో ఇతరులకో గాయం కాకుండా, అతి తక్కువ సేపు, అధికారి ఆదేశంతో మాత్రమే కట్టడి చేయాలి, వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి అని 1990 నాటి ఐక్యరాజ్యసమితి నియమాలు చెబుతాయి. రాత్రంతా కట్టేస్తే అది శిక్షే. హోమ్ సిబ్బంది క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా కఠిన కారాగారం, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

తెల్లకాగితం మీద తేదీలతో బోర్డుకి అర్జీ రాయండి. పోలీసులు, సిబ్బంది పక్కన లేకుండా తమ్ముడితో మాట్లాడమనీ, మణికట్టు గుర్తులు మానకముందే డాక్టరుకి చూపించమనీ అడగండి. లాయర్ లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. కక్ష సంగతి అమ్మగారు భయపడటంలో తప్పులేదు. అందుకే వేరే హోమ్‌కి మార్పించమని కూడా అదే అర్జీలో కోరండి. బోర్డు నెలకోసారైనా హోమ్‌ని తనిఖీ చేయాలి, ఈసారి వెళ్లినప్పుడు వాణ్ణి ప్రత్యేకంగా చూడమనండి.

అన్నట్టు, బెయిల్ పిటిషన్ వేశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి బెయిల్ ఇవ్వడమే పద్ధతి, కాదంటే కారణాలు బోర్డే రాయాలి.