గోవా బిల్లులో అడగని సర్వీస్ ఛార్జి: కట్టేశాక వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేడమ్, మాది కరీంనగర్. అక్టోబరు నెలాఖరులో పన్నెండు మంది స్నేహితులం సర్ఫింగ్ నేర్చుకోవడానికి ఉత్తర గోవా వెళ్తున్నాం. అంతమందితో వెళ్లి అక్కడ వెతుక్కోవడం ఎందుకని, నేనూ మా బాబాయి కొడుకూ సెప్టెంబరులోనే నాలుగు రోజులు వెళ్లి మాండ్రెమ్, అశ్వెమ్ చుట్టుపక్కల బార్లు, రెస్టారెంట్లు చూసొచ్చాం. చాలాచోట్ల బాగా చూసుకున్నారు. ఒకచోట మాత్రం తిండికి 2,400, మద్యానికి 1,600, వాటి మీద 10 శాతం సర్వీస్ ఛార్జి 400, మొత్తం మీద 5 శాతం జీఎస్టీ 220, కలిపి 4,620 రూపాయల బిల్లు ఇచ్చారు. మెనూలో వంజరం దగ్గర ‘సైజును బట్టి’ అని మాత్రమే ఉంది. తిన్నాక ఆ ఒక్క చేపకే 1,300 వేశారు. 20 రూపాయల నీళ్ల సీసాకి 60. సర్వీస్ ఛార్జి తీసేయమంటే ‘మెనూ చివర రాసే ఉంది, కట్టాల్సిందే’ అన్నారు. కట్టేదాకా ఒకతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చేసేది లేక కట్టి వచ్చాం. ఆ డబ్బు వస్తుందా? ఈ సంగతి గూగుల్‌లో రాస్తే పరువునష్టం కేసు వేస్తారా? ఇంకో షాక్ (తీరంలో ఇసుక మీద వేసే తాత్కాలిక రెస్టారెంటు) యజమాని అక్టోబరు విందుకు 6,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో వేయమంటున్నాడు, షాక్ ఇంకా కట్టనే లేదు. వేయొచ్చా? వచ్చేటప్పుడు రైల్లో నాలుగు విస్కీ సీసాలు, గోవా మద్యం ఫెనీ ఒకటి తెచ్చుకోవచ్చా? అక్కడ అద్దె స్కూటర్ మీదే తిరిగాం. మా తమ్ముడికి 20 ఏళ్లు, వాడు తాగలేదు.

జవాబు: ముందు ఆ 400 రూపాయల సంగతి. సర్వీస్ ఛార్జి పన్ను కాదు. ప్రభుత్వానికి చేరేది కాదు. పాతరోజుల్లో ఉన్న సర్వీస్ ట్యాక్స్‌తో దీన్ని కలిపేసుకుని ‘ఏదో పన్ను కదా’ అని చాలామంది కట్టేస్తుంటారు. ఆ పన్ను 2017 జూలైలో జీఎస్టీ రావడంతోనే పోయింది. ఇప్పుడు బిల్లులో కనిపించేది రెస్టారెంటు తనకోసం అడిగే డబ్బు. ఇవ్వాలా, వద్దా అన్నది తిన్నవాళ్ల ఇష్టం.

2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జిని దానంతటదే బిల్లులో కలపకూడదు, ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు, కట్టమని బలవంతపెట్టకూడదు, అది ఐచ్ఛికమని స్పష్టంగా చెప్పాలి, దాన్ని తిండి బిల్లులో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో కొన్నాళ్లు ఇవి స్టేలో ఉన్నాయి. 2025 మార్చి 28న హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది, పైగా ఒక్కో సంఘానికి లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచికి అప్పీలుకు వెళ్లాయి. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు. కాబట్టి ‘మెనూలో రాసుంది’ అన్న వాళ్ల మాట నిలవదు. సిబ్బంది బాగా చూసుకున్నారనిపిస్తే మీరు వాళ్ల చేతికే ఇవ్వొచ్చు. ఆ పని మీ తరఫున యజమాని చేయడమే ఇక్కడ తప్పు.

మీ బిల్లులో మీరు గమనించని తప్పు ఇంకొకటి ఉంది. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోనే లేదు. దాని మీద ఉండేది ఆ రాష్ట్రం వేసే వ్యాట్. మామూలు రెస్టారెంట్లలో 5 శాతం జీఎస్టీ తిండికీ, మద్యం కాని పానీయాలకూ వర్తిస్తుంది. అంటే 2,400 మీద 120 రావాలి. వాళ్లు మద్యాన్నీ, సర్వీస్ ఛార్జినీ కలిపి 4,400 మీద 220 వేశారు. మద్యం ధరలో వ్యాట్ కలిసే ఉందనుకుంటే మీరు కట్టాల్సింది 4,120. మీ దగ్గర ఎక్కువ తీసుకున్నది 400 కాదు, 500. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో కూడా చూడండి. చిన్న హోటళ్లు కొన్ని కాంపొజిషన్ పథకంలో, అంటే తమ అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉంటాయి. వాళ్లు గిరాకీల దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయడానికే వీల్లేదు. నంబరు లేని చీటీ మీద జీఎస్టీ గడి ఉందంటే ఆ డబ్బు ఎటు పోతోందో అడగాల్సిందే. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు కూడా బిల్లు మీద ఉండాలి, 2022 జనవరి 1 నుంచి అది తప్పనిసరి.

నీళ్ల సీసా విషయంలో మాత్రం చట్టం వాళ్ల వైపే ఉంది. కూర్చోబెట్టి వడ్డించే చోట ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 12న తేల్చింది. అక్కడ అమ్ముతున్నది ఒట్టి సీసా కాదు, వడ్డన కూడా అన్నది కోర్టు చూపిన కారణం. దాని గురించి ఫిర్యాదులో ఒక్క ముక్క కూడా రాయకండి. గెలవని పాయింటు ఒకటి ఉంటే గెలిచే పాయింట్ల బరువు తగ్గుతుంది.

చేప దగ్గర మీకు సూటిగా చెప్పాలి. అది కష్టం. మెనూలో రాసిన ధరకో, ఇద్దరూ ఒప్పుకున్న ధరకో మించి తీసుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(6) కింద ఫిర్యాదు చేయొచ్చు. ‘సైజును బట్టి’ అన్నచోట రాసిన ధర లేదు, మీరు అడగలేదు కాబట్టి ఒప్పుకున్న ధరా లేదు. మరి దేనికి మించి తీసుకున్నారని చూపిస్తాం? ధర తెలుసుకునే హక్కు మనకుందని అదే చట్టంలోని సెక్షన్ 2(9) చెబుతోంది, నిజమే. కానీ ఆ హక్కు పనిచేసేది చేప పెనం మీదికి వెళ్లకముందు. తీరప్రాంతాల్లో ఈ పద్ధతి మోసం కోసం పుట్టింది కాదు. ఆ పూట పడవలో వచ్చిన చేపను బట్టి, దాని బరువును బట్టి ధర మారుతుంది. పళ్లెంలో పచ్చి చేపలు తెచ్చి చూపించి, ఎంచుకోమనే చోట్లు చాలా ఉన్నాయి. అక్టోబరులో పన్నెండు మంది కూర్చున్నప్పుడు చేపను మీ ఎదుటే తూయించండి. కిలో ఎంత, ఈ చేప మొత్తం ఎంత అని అడిగి ఆ అంకెను ఆర్డరు చీటీ మీద రాయించండి. చీటీ ఇవ్వకపోతే ‘ఈ చేప 1,300 అన్నారు, సరేనా’ అని వాళ్ల నంబరుకు వాట్సాప్ మెసేజ్ పెట్టినా చాలు. అప్పుడది ఒప్పుకున్న ధర అవుతుంది.

గుమ్మానికి అడ్డం నిలబడటాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మిగతా అన్నిటికంటే అదే పెద్ద విషయం. వెళ్లే హక్కున్న మనిషిని ఒక దిక్కుకు కదలనివ్వకపోతే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 126 కింద నేరం. నెల వరకు జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. అసలు బయటికే పోనివ్వకుండా నిర్బంధిస్తే సెక్షన్ 127, శిక్ష ఏడాది వరకు ఉంటుంది. అయితే బిల్లు మొత్తం ఎగ్గొట్టి లేచి వచ్చేస్తామంటే న్యాయం మన వైపు ఉండదు. వివాదం లేని సొమ్మును, మీ విషయంలో 4,120ని, యూపీఐలో కట్టేసి, మిగతాది ఎందుకు కట్టడం లేదో నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ అడ్డుకుంటే 112కి ఫోన్ చేయండి. చీకటిపడ్డాక, తెలియని ఊళ్లో, తమ్ముడు పక్కన ఉండగా పేచీ వద్దనిపిస్తే మొత్తం కట్టేసినా మీ హక్కు పోదు. బిల్లు మీద ‘సర్వీస్ ఛార్జికి అభ్యంతరం తెలిపి కట్టాను’ అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసుకుంటే చాలు. మీరు అప్పుడు రాయలేదు కాబట్టి ఇప్పుడే వాళ్లకు మెయిలో, వాట్సాపో పెట్టండి. ఏ తేదీన, ఏ బిల్లు నంబరు మీద, 500 ఎలా ఎక్కువైందో లెక్క చూపించి, పదిహేను రోజుల్లో తిరిగి ఇమ్మని అడగండి.

స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఇలాంటి చిన్న మొత్తాలకు ముందు ఈ దారే పట్టాలని నేను గట్టిగా చెబుతాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. దీనికోసం గోవా పోనక్కర్లేదు. 2019 చట్టంలోని సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు, అంటే కరీంనగర్‌లోనే. పాత చట్టంలో ఈ వీలు లేదు. యాత్రకు వెళ్లి మోసపోయినవాళ్లు మళ్లీ ఆ ఊరికే తిరగలేక వదిలేసుకునేవాళ్లు. 5 లక్షల లోపు లావాదేవీలకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, కమిషన్ అనుమతిస్తే వీడియోలో హాజరు కావచ్చు. గడువు రెండేళ్లు. ఇంతకీ ఆ బిల్లు మీ దగ్గర ఉందా? వేడికి చెరిగిపోయే కాగితం మీద ముద్రించిన బిల్లయితే ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత తెల్లకాగితం మిగులుతుంది.

గూగుల్‌లో రాయడానికి భయపడక్కర్లేదు, రాసే తీరు చూసుకోవాలి. న్యాయ సంహితలోని సెక్షన్ 356 పరువునష్టాన్ని నేరమంటూనే మినహాయింపులు ఇచ్చింది. ప్రజల మేలు కోరి చెప్పిన నిజం, సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం అందులో ఉన్నాయి. ‘ఫలానా రోజు సర్వీస్ ఛార్జి తీసేయమని అడిగితే తీయలేదు, మద్యం మీద కూడా జీఎస్టీ వేశారు’ అని రాసి బిల్లు ఫొటో జతచేస్తే అది జరిగిన సంగతి. ‘దొంగలు, గూండాలు’ అని రాస్తే అది మీరు రుజువు చేయాల్సిన ఆరోపణ. అడ్డం నిలబడినతని ఫొటో, పేరు పెట్టకండి. వంట బాగుంటే ఆ మాట కూడా రాయండి, సద్బుద్ధితో రాశారనడానికి అదీ ఆధారమే.

ఇక అడ్వాన్స్. గోవా తీరంలోని షాకులు తాత్కాలిక కట్టడాలు. వానల ముందు విప్పేసి, వానలు వెనకబట్టాక మళ్లీ వేస్తారు, దానికి పర్యాటక శాఖ అనుమతి కావాలి. సీజన్ మొదట్లో ఆ అనుమతులు ఆలస్యం కావడం మామూలే. ఇసుక మీద ఇంకా లేని చోటుకు 6,000 ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఇవ్వక తప్పదనుకుంటే వ్యక్తిగత నంబరుకు కాకుండా వ్యాపారం పేరున ఉన్న ఖాతాకు వేయండి. తేదీ, ఎంతమంది, షాక్ తెరవకపోతే మొత్తం తిరిగి ఇస్తాననే మాట, మీరు మానుకుంటే ఎంత కోత అన్నది రాతలో తీసుకోండి. షాక్ తెరవకపోతే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 65 ప్రకారం తీసుకున్నది తిరిగి ఇవ్వాల్సిందే. మీరే మానుకుంటే మాత్రం సెక్షన్ 74 చూస్తారు. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది లేదని రాసుకున్నా, సమంజసమైన నష్టపరిహారం దాకానే వాళ్లు ఉంచుకోవచ్చు. పది రోజుల ముందు చెబితే ఆ పన్నెండు కుర్చీలు ఇంకొకరికి ఇచ్చుకోగలరు కదా, నష్టం ఎంతో వాళ్లే చూపించాలి.

సీసాలు తేవద్దు. గోవాలో దుకాణంలో బిల్లుతో కొన్నారు కాబట్టి న్యాయమైన సరుకే అనుకుంటారు. కానీ తెలంగాణలో ఆ సీసా ఇక్కడి సుంకం కట్టని మద్యం. అనుమతి లేకుండా తెస్తే 1968 ఎక్సైజ్ చట్టం సెక్షన్ 34 కింద కేసు అవుతుంది. గోవా నుంచి వచ్చే రైళ్లలో, బస్సుల్లో ఎక్సైజ్ బృందాలు తరచూ తనిఖీ చేస్తుంటాయి. ‘విమానంలో 5 లీటర్లు తెచ్చుకోవచ్చట’ అని అడుగుతుంటారు. అది విమానంలో సామాను భద్రతకు పెట్టిన పరిమితి, రాష్ట్ర ఎక్సైజ్ అనుమతి కాదు. ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది గోవావాళ్లు గర్వంగా చెప్పుకునే పానీయం. అయినా ఈ నియమం దానికీ ఒకటే. రుచి చూడాలంటే అక్కడే చూడండి. తీరంలో ఇసుక మీద కూర్చుని తాగడం మాత్రం గోవా చట్టం ప్రకారం జరిమానా పడే తప్పు.

మీ తమ్ముడు తాగలేదన్నారు, మంచిదైంది. గోవాలోనూ వయోపరిమితి 21. అక్టోబరులో ఎవరో ఒకరి ఆధార్ చూపించి పని జరిపిద్దామనే ఆలోచన మీ బృందంలో ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. వేరొకరి గుర్తింపు కార్డు వాడటం మోసం కిందికి వస్తుంది, కుర్రాడి పాస్‌పోర్టుకూ ఉద్యోగానికీ ఆ కేసు అడ్డొస్తుంది.

స్కూటర్ గురించి మీరు ఏమీ అడగలేదు, కానీ చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. ఒక బారు నుంచి ఇంకో బారుకు దాని మీదే వెళ్లారంటే తాగి నడిపినట్టే కదా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బండికి జరిగిన నష్టం బీమా ఇవ్వదు, అద్దెకిచ్చినవాళ్లు మిమ్మల్నే అడుగుతారు. అద్దె బండి నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి. తెల్ల ప్లేటు బండి ఇచ్చారంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి, పగటిపూట తాగకుండా నడిపినా పోలీసులు ఆపుతారు. ఈసారి రాత్రిళ్లు స్కూటర్ బసలోనే ఉంచండి. అక్కడ ఓలా, ఉబర్ నమ్ముకుని బయల్దేరకండి. గోవామైల్స్ అనే ట్యాక్సీ యాప్‌లోనో, మీ బస యజమాని ద్వారానో తిరుగు ప్రయాణానికి ట్యాక్సీని మొదటి గ్లాసు ముందే మాట్లాడి పెట్టుకోండి.