12ఏఎక్స్7 ట్యూబులు కొత్తవి కొనే ముందు ఉన్న రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి

ట్యూబ్ ప్రీఆంప్‌లో (ఆంప్లిఫయర్‌కు ముందు గాజు ట్యూబులతో సిగ్నల్‌ను పెంచే సెట్టు) ఎడమ స్పీకర్ నుంచి చిటపట వస్తోంది, లోపల రెండు 12ఏఎక్స్7 ట్యూబులు ఉన్నాయి, ఏ కంపెనీవి కొనాలి, ఎక్కువ రోజులు నిలవాలంటే ఏం చేయాలి అని అడిగారు. మాది పరకాల దగ్గర ఊరు. పన్నెండేళ్లుగా ఇంట్లో ట్యూబ్ ప్రీఆంపే వింటున్నాను. ముందు ఒక మాట: ఈ వారం డబ్బు పెట్టకండి.

ఎందుకంటే నేను పెట్టాను. నాకూ ఇలాగే ఒక వైపే చిటపట వచ్చేది. ట్యూబే పోయిందనుకుని ఆన్‌లైన్‌లో పాత స్టాకు పేరుతో అమ్మే ఒకాయన దగ్గర జత తెప్పించాను. ఒకటి పెట్టె తెరవగానే తెల్లగా కనిపించింది. ట్యూబు తల దగ్గర లోపలి వైపు అద్దంలా మెరిసే వెండి పూత ఉంటుంది కదా, గాలి చొరబడితే అది పాలరంగుకు మారుతుంది. అలాంటిది ఇక పనికిరాదు. రెండోది బాగానే ఉంది, కానీ చిటపట మాత్రం పోలేదు. వరంగల్‌లో ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మా మేనమామ వచ్చి చూసి, సాకెట్‌లో ఒక పిన్ను పట్టు వదులైందని పది నిమిషాల్లో తేల్చారు. ట్యూబుల ఖర్చు మొత్తం వృథా అయింది.

ఆయన నేర్పిన పద్ధతే మీకూ చెబుతున్నాను. సెట్టు ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, అరగంట ఆగండి. ట్యూబులు చల్లబడ్డాక ఎడమ దాన్ని కుడి సాకెట్‌లో, కుడి దాన్ని ఎడమ సాకెట్‌లో పెట్టండి. తీసేటప్పుడు మెలిపెట్టకూడదు, కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ నిటారుగా పైకి లాగాలి. ఇప్పుడు చిటపట కుడి స్పీకర్‌కు మారితే తప్పు ట్యూబుదే. ఎడమ వైపే ఉండిపోతే సాకెట్టో, రెసిస్టరో, కెపాసిటరో చూడాలి. ఒక్కోసారి తీసి పెట్టగానే శబ్దం ఆగిపోతుంది. అంటే పిన్నులకు పట్టిన మకిలే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క 12ఏఎక్స్7 గాజులోనే రెండు ట్రయోడ్లు, అంటే సిగ్నల్‌ను పెంచే భాగాలు రెండు ఉంటాయి. కొన్ని సెట్లలో ఒకే ట్యూబులో సగం ఎడమకు, సగం కుడికి పనిచేస్తుంది. అలా ఉంటే ఈ పరీక్షతో తేలదు, మంచిదని తెలిసిన ట్యూబు ఒకటి అరువు తెచ్చుకుని ఒక్కో సాకెట్‌లో పెట్టి చూడాలి. సాకెట్ లోపలి పని మాత్రం సొంతంగా వద్దు. లోపల 250, 300 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి.

ట్యూబుదే తప్పని తేలితే అప్పుడు కొందాం. 12ఏఎక్స్7, ఈసీసీ83 రెండూ ఒకటే, పేర్లే వేరు. గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు ఎక్కువై శబ్దం గరగరమంటుంటే 5751 అనే ట్యూబు పెట్టుకోవచ్చు. ట్యూబు సిగ్నల్‌ను ఎంత పెంచగలదో చెప్పే అంకె యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అది 12ఏఎక్స్7కు 100, 5751కి 70. 6డీజే8 అనే మరో ట్యూబు కూడా తొమ్మిది పిన్నులదే, సాకెట్‌లో చక్కగా దిగుతుంది. కానీ దాని హీటర్ (లోపల వేడెక్కే తీగ) 6.3 వోల్టులది, హీటర్ పిన్నుల అమరిక కూడా వేరు. దిగింది కదా అని ఎప్పుడూ పెట్టకండి, కాలిపోవచ్చు. కంపెనీ విషయానికొస్తే, స్లొవేకియాలో తయారయ్యే జేజే, రష్యాలో తయారయ్యే ఎలక్ట్రో హార్మోనిక్స్ రెండూ వాడాను, రెండూ నచ్చాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు చేసిన బీఈఎల్ ట్యూబులు మా మేనమామ దగ్గర కొన్ని ఉండేవి, ఇప్పటికీ ఒకటి నా సెట్టులో పాడుతోంది. రికార్డు ప్లేయర్ సిగ్నల్ మొదట చేరే ట్యూబు మాత్రం అన్నింటికంటే నిశ్శబ్దమైనది కావాలి. అక్కడి చిన్న గుసగుస కూడా తర్వాతి దశల్లో పెద్దదవుతుంది. సెట్టు నడుస్తుండగా పెన్సిల్ రబ్బరు కొనతో గాజును మెల్లగా తట్టండి. స్పీకర్‌లో గణగణ మోగితే ఆ ట్యూబు అక్కడికి పనికిరాదు, వెనక దశలో వాడుకోండి.

మన దగ్గర ట్యూబుల ప్రాణం తీసేది కరెంటు. యాసంగిలో మోటార్లు నడిచేటప్పుడు మా ఇంట్లో వోల్టేజీ సాయంత్రం 190కి పడిపోతుంది, అర్ధరాత్రి 255కి ఎగబాకుతుంది. 230 వోల్టులకు చేసిన సెట్టులో హీటర్‌కు వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేకపోతే, 255 దగ్గర 12.6 వోల్టుల హీటర్ మీద దాదాపు 14 పడుతుంది. స్టెబిలైజర్ పెట్టాకే నాకు టెన్షన్ తగ్గింది. కరెంటు పోయి వస్తూ ఉంటే స్విచ్ కట్టేసి, నిలకడగా ఉందని చూసుకుని ఐదు నిమిషాల తర్వాత వేయండి. చల్లగా ఉన్న హీటర్ మొదట ఎక్కువ కరెంటు లాగుతుంది, మాటిమాటికీ ఆ దెబ్బ తగలకూడదు.

మా ఇంటి పక్కనే జిన్నింగ్ మిల్లు ఉంది. దసరా నుంచి సంక్రాంతి దాకా దూది నూగు సెట్టు గాలి రంధ్రాల్లో పేరుకుంటుంది. వారానికోసారి, సెట్టు చల్లగా ఉన్నప్పుడు పెయింట్ బ్రష్‌తో దులుపుతాను. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పకండి, పైన కనీసం జానెడు ఖాళీ వదలండి. ఎండాకాలంలో గోడ అల్మారాలో అస్సలు పెట్టవద్దు.

ఏడాదికోసారి మార్చాలన్న మాట నమ్మకండి. రోజుకు మూడు గంటలు వింటే ఏడాదికి 1,100 గంటలే. మంచి ప్రీఆంప్ ట్యూబు 5,000 గంటలు సులువుగా పనిచేస్తుంది.

అటూ ఇటూ మార్చాక చిటపట ఏ వైపు వస్తోందో, మీ సెట్టు మోడల్ ఏదో రాయండి. ఒక్కో చానెల్‌కు ఒక్కో ట్యూబా, సగం సగమా అన్నది దాన్ని బట్టి చూసి చెబుతాను.